గుడ్ ఫ్రైడే ఏడు మాటల ఆరాధన: ఏడుగురితో మూడు గంటల్లో ఎలా ముగించాలి?

యేసు సిలువ మీద పలికిన ఏడు మాటలను ఒక్కొక్కటిగా ధ్యానించే గుడ్ ఫ్రైడే ఆరాధన మధ్యాహ్నం 12 గంటలకు మొదలై 3 గంటలకు ముగియాలి. చాలా సంఘాల్లో పన్నెండున్నరకు మొదలై, నాలుగు దాటినా ఐదో మాట దగ్గరే నడుస్తుంటుంది. ఏడో మాట చెప్పాల్సిన ఆయన లేచేసరికి సగం బెంచీలు ఖాళీ. ఉపవాసం ఉన్న పెద్దవాళ్ళు నీరసంతో తలలు వాల్చేస్తారు. తర్వాత అందరూ కలిసి ప్రసంగీకులను తిట్టుకుంటారు. నన్నడిగితే తప్పు సగం మాట్లాడినవాళ్ళది, సగం పని పంచినవాళ్ళది.

12 నుంచి 3 అనేది ఎవరో సౌకర్యం కోసం పెట్టిన టైమ్ కాదు. యేసు సిలువ మీద ఉండగా ఆ మూడు గంటలూ చీకటి కమ్మిందని మార్కు సువార్త 15:33 చెప్తుంది. ఏడు మాటలను వరుసగా ధ్యానించే పద్ధతిని మాత్రం పెరూలోని లిమా నగరంలో, 1687 భూకంపం తర్వాత, అలోన్సో మెస్సియా అనే క్యాథలిక్ ఫాదర్ (జెసూట్ సభ ఆయన) మొదలుపెట్టాడు. అదే తిరిగి తిరిగి మన ఊళ్ళ దాకా వచ్చింది. ఏడుగురు పంచుకుని చెప్పడం మన సంఘాలకు బాగా కుదిరిన ఏర్పాటు. పాస్టరు గారు ఒక్కరే ఏడూ చెప్పే సంఘాలూ ఉన్నాయి. అక్కడ టైమ్ బాగానే కుదురుతుంది కానీ, మిగతావాళ్ళు వినడం తప్ప ఏమీ నేర్చుకోరు.

కావలసినవి

మాట్లాడేవాళ్ళకు ఎదురుగా కనిపించే పెద్ద గోడ గడియారం, రెండు మైకులు, కరెంటు పోతే ఫ్యాన్లు ఆగకుండా ఇన్వర్టరు, తాగునీళ్ళు. క్వయర్ వాళ్ళు ఏడు పాటలు ముందే రాసుకుని, ఏ పాటకు ఎన్ని చరణాలో తేల్చుకోవాలి. అంతే. ఫ్లెక్సీ వేయకండి. వేసి తీరాలంటే ఫొటోలు వద్దు. ఏడు ఫొటోలు పెట్టారంటే ఎవరిది పెద్దదైంది, ఎవరి పేరు ముందు రెవరెండ్ పడలేదు అన్న గొడవతోనే ముందు వచ్చే మట్టల ఆదివారం గడిచిపోతుంది.

లెక్క

ఒక్కో మాటకు 24 నిమిషాలు: వాక్య పఠనం 2, సందేశం 15, ప్రార్థన 3, పాట 4. ఏడుకీ కలిపి 168. మిగిలిన 12లో ప్రారంభానికి 7, ముగింపుకు 5. సందేశానికి 20 ఇద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. ఇవ్వకండి. 20 ఇస్తే 30 తీసుకుంటారు, 15 ఇస్తే 18లో ఆగుతారు.

మాటలు పంచడం

అసలు చిక్కంతా ఇక్కడే. ఇది చెడితే గడియారాలు, ఇన్వర్టర్లు ఏమీ కాపాడలేవు.

ఫోన్లలో పంచకండి. కనీసం మూడు వారాల ముందు ఏడుగురినీ ఒకచోట కూర్చోబెట్టండి. మొదట ఫిలిప్పీయులకు రాసిన పత్రిక 2వ అధ్యాయంలో 5 నుంచి 8 వచనాలు ఎవరితోనైనా గట్టిగా చదివించండి. దేవుని స్వరూపం ఉన్నవాడే తన్ను తాను తగ్గించుకున్నాడని విన్న వెంటనే "అయ్యగారూ, నాకు ఆరో మాట ఇప్పించండి" అనడానికి నోరు రాదు. కొందరికి వస్తుంది, అది వేరే సంగతి.

అందరూ కోరేది మొదటిది లేదా ఆరోది. మొదటిదానికి జనం తాజాగా ఉంటారు. ఆరోది "సమాప్తమైనది", గొంతు పెంచడానికి అనువైన మాట. ఎవరికీ అక్కరలేనిది ఐదోది, దప్పిక. అందులో చెప్పడానికేముంది అంటారు. యోహాను 19:28 పక్కన కీర్తన 69:21 పెట్టుకుని చదివితే తెలుస్తుంది. సమరయ స్త్రీని నీళ్ళడిగిన ఆయనే ఇక్కడ మళ్ళీ దాహమంటున్నాడు. పదిహేను నిమిషాలు చాలవు. ఈ మాట పాస్టరు గారే తీసుకోవాలి. ఇది నా నియమం, మార్చను. పాస్టరు గారు అందరూ వదిలేసిన మాట ముందే తీసుకుంటే, మిగతా ఆరుగురూ బేరాలాడటం మానేస్తారు. ఏడోదాన్ని ఆయన కోసం అట్టిపెట్టడం మన దగ్గర ఆనవాయితీ. దాంతో చివర్లో మిగిలిన టైమంతా ఆయనదే అయిపోతుంది.

మూడో మాట "అమ్మా, ఇదిగో నీ కుమారుడు" కదా అని ప్రతి ఏడూ స్త్రీల సమాజం వాళ్ళకే ఇస్తుంటారు. ఆ అక్కయ్యకు క్షమాపణ గురించి చెప్పడానికి ఏమీ ఉండదా? "తండ్రీ, వీరిని క్షమించుము" అనే మొదటి మాట ఆమెకివ్వండి. మూడోది తల్లిని చూసుకోవాల్సిన వయసులో ఉన్న ఏ యవ్వనస్థుడికో ఇవ్వండి. వినేవాళ్ళకు అందులో కొత్తదనం ఉంటుంది.

టైమ్ దాటించే బ్రదర్ ప్రతి సంఘంలోనూ ఒకరుంటారు. ఆయన్ని మొదట పెడితే మిగతావాళ్ళకు అదే కొలత అవుతుంది. చివర పెడితే ఆపేవాడుండడు. రెండోది ఇవ్వండి. ఆయన ఐదారు నిమిషాలు మింగినా తర్వాతి మూడు పాటల్లో చరణాలు తగ్గించి రాబట్టుకోవచ్చు. క్వయర్ లీడర్‌కు ఈ సంగతి ముందే చెప్పి ఉంచండి. తాము నేర్చుకున్న పాటను కోసుకోవడం వాళ్ళకు కష్టమే. ఆ రోజు మైకు ముందు నిలబడే అందరికంటే ఎక్కువ తగ్గేది వాళ్ళేనని నేనంటాను.

చీట్లు వేద్దామనేవాళ్ళు, యూదా స్థానంలో అపొస్తలుడిగా మత్తీయను చీట్లేసే ఎన్నుకున్నారని గుర్తుచేస్తారు. నిజమే, కానీ అక్కడ చీట్లలో ఉన్న ఇద్దరూ ఆ పనికి తగినవాళ్ళే. ఇక్కడ చీటీలో ఏడోది ఆ రెండో మాట బ్రదర్‌కు వచ్చిందనుకోండి, సాయంత్రం ఐదింటికి ఇంటికి పోతారు.

పంచాక ఇంకో పని ఉంది, దీన్ని దాదాపు అందరూ ఎగ్గొడతారు. ఒక్కొక్కరూ తాము చెప్పబోయేది ఒక్క వాక్యంలో మిగతా ఆరుగురి ముందు చెప్పాలి. ఇది జరగకపోతే మొదటి ప్రసంగీకుడు, యేసును పట్టుకున్న గెత్సేమనే తోట నుంచి ఎత్తుకుని ఏడు మాటలూ తానే చెప్పేస్తాడు. "నా దేవా, నా దేవా" అనే నాలుగో మాట 22వ కీర్తనలోదే, ఆ కీర్తనను రెండో మాటలోనే వాడేస్తారు. ఏడో ఆయన తన మాట ఉన్న 31వ కీర్తన తెరిచేసరికి అది కూడా ఎవరో వాడేసి ఉంటారు. పంక్తిలో పక్కవాడి ఆకులోంచి తీసుకు తినడం లాంటిదిది. పక్కవారి మాట ముట్టుకోకూడదని ఈ మీటింగ్‌లోనే, అందరూ వింటుండగా ఒప్పించండి.

ఆ రోజు

"వేదిక మీద ఆసీనులైన పెద్దలకు, ఈ అవకాశమిచ్చిన అయ్యగారికి..." అనే వందనాలు పూర్తిగా తీసేయండి. ఒక్కొక్కరూ రెండు నిమిషాలే తీసుకున్నా మొత్తం 14 నిమిషాలు. ప్రారంభంలో పాస్టరు గారు అందరి తరఫునా ఒక్కసారి చెప్తే చాలు. శాలువాలు అసలే వద్దు. బయటి నుంచి అతిథిని పిలిస్తే పరిచయం ఒక్క వాక్యం. ప్రార్థన చేసేవారికి కూడా మూడు నిమిషాలేనని చెప్పాలి, లేకపోతే కళ్ళు మూసుకుని ఇంకో సందేశం ఇస్తారు.

బెల్లు కొట్టకండి, అది మనిషిని నలుగురిలో చిన్నబుచ్చుతుంది. ముందు వరుసలో ఒకరు కూర్చుని 12వ నిమిషానికి ఆకుపచ్చ అట్ట, 15కు ఎర్ర అట్ట చూపిస్తే చాలు. ఆ పని సండే స్కూల్ టీచరుకు అప్పగించండి. సంఘ పెద్ద అట్ట ఎత్తితే పాత కక్షలు గుర్తొస్తాయి, టీచరు ఎత్తితే ఎవరూ పట్టించుకోరు. ఐదో మాటప్పుడు పాస్టరు గారు ఎర్ర అట్ట చూసి వాక్యం మధ్యలోనైనా ఆపేయాలి. ఇది ఆయనతో ముందే మాట్లాడి పెట్టుకోండి.

3 గంటలకు ఆశీర్వాదం చెప్పి, మాటల్లేకుండా బయటికి పంపండి. వందన సమర్పణ ఆ రోజు వద్దు, ఆదివారం ప్రకటనల్లో చెప్పుకోవచ్చు. వాకిట్లో మజ్జిగ ఉంచితే ఉపవాసం విరమించేవాళ్ళకు మంచిది, గ్లాసులు ఏడుగురు ప్రసంగీకులే అందిస్తే వాళ్ళ చుట్టూ చేరే పొగడ్తల గుంపూ ఉండదు. మైకు సెట్టు సర్దేటప్పుడు వైర్లన్నీ ఒకే పెట్టెలో పెట్టి తాళంచెవి ఎవరి దగ్గరుందో రాసుకోండి. ఆదివారం తెల్లవారుజామున సమాధుల తోటలో పునరుత్థాన ఆరాధనకు మళ్ళీ అవే కావాలి, ఆ చీకట్లో వెతకడం ఎవరివల్లా కాదు.