పిల్లలతో నాటకం – 4వ పాఠం: చేసి చూపించకండి

పోయిన పాఠంలో అనంతామాత్యుడి గోవ్యాఘ్ర సంవాదాన్ని, అంటే దూడకి పాలిచ్చి వస్తానని పులికి మాటిచ్చి తిరిగొచ్చే ఆవు కథని, మూడు రంగాలు చేసి పిల్లలతో ఆడించమన్నాను. ఆడించిన వాళ్లలో ఎక్కువమందికి ఒకటే ఇబ్బంది వచ్చింది. క్లాసులో బాగా చదివే అమ్మాయి మైకు ముందు నిలబడి కథంతా చెప్పేసింది. ఆవు, పులి, దూడ వెనకాల నిలబడి ఆ మాటలకు తగ్గట్టు చేతులూపాయి. పొరపాటు నా పాఠంలోనే ఉంది. కథ చూసేవాళ్లకి అర్థం కావాలని రాశానే గానీ, అది ఎవరి వల్ల అర్థం కావాలో రాయలేదు. అందుకే ఈసారి చెప్పాల్సిన రంగాలంకరణ పక్కన పెట్టి మళ్లీ అక్కడికే వెళ్దాం.

ముందు వ్యాఖ్యాతను తీసేయండి. మరి బుర్రకథలో కథకుడే చెప్తాడు కదా అంటారు. నాజర్ గారి లాంటి కథకుడు తంబురా మీటుతూ, అడుగులేస్తూ చెప్తాడు, యుద్ధం వచ్చేసరికి తనే ఆ వీరుడైపోతాడు. పక్కన వంతలిద్దరూ ఊరికే ఉండరు. ఒకరు హాస్యం అందుకుంటారు, ఇంకొకరు ఊరి సంగతీ రాజకీయమూ కలుపుతారు. మధ్యలో కథకుడిని ఆపి ప్రశ్న వేస్తారు. అక్కడ ముగ్గురికీ చేతినిండా పని. మన మైకు దగ్గర పాపకి చదవడం ఒక్కటే పని, పులికి అదీ లేదు.

వ్యాఖ్యాత పోతే "ఆకలితో ఉన్న పులి ఆవుకి అడ్డం వచ్చింది" అన్న వాక్యం ఎవరిది? పులిదే. మాటలతో కాదు, చేతతో. సరిగ్గా ఇక్కడే టీచర్లు కుర్చీలోంచి లేస్తారు. "ఇదిగో చూడు, ఇలా గర్జించు" అని చేసి చూపిస్తారు.

దయచేసి లేవకండి. మీరు గర్జించాక ఆ పిల్లాడు పులి గురించి ఆలోచించడు, మీ గర్జన గుర్తు పెట్టుకుంటాడు. మర్నాడు రిహార్సల్లో ఆవు వైపు కాదు, మీ వైపు చూస్తాడు. ప్రదర్శన రోజు టెన్షన్‌లో మర్చిపోతే తెర పక్కన మీరెక్కడున్నారో వెతుకుతాడు. "నేను చేసి చూపించను, చెప్తానంతే" అనేవాళ్లూ ఉన్నారు. "కోపంగా చెప్పు" అంటే పిల్లాడు కనుబొమ్మలు ముడుస్తాడు. "ఏడుస్తూ చెప్పు" అంటే కళ్లు నులుముకుంటాడు. "నన్ను వదిలెయ్... అని సాగదీయమ్మా" అంటే ఆ పాప మాట వదిలేసి మీ రాగం పాడుతుంది. స్కూల్ వార్షికోత్సవాల్లో పిల్లలందరూ ఒకే రాగంలో మాట్లాడేది ఇందుకే. డైలాగులు ముందే రికార్డు చేసి పిల్లల చేత పెదాలు కదిలించడం దీనికి చివరి మెట్టు. అది నేను ఒప్పుకోను.

చేసి చూపించే బదులు పని ఇవ్వండి. నేల మీద సుద్దతో రెండు గీతలు గీసి దారి చేయండి. దారి అవతల దూడ ఉంటుంది. ఆవు అటు వెళ్లాలి. పులి వెళ్లనివ్వకూడదు, అలాగని ముట్టుకోనూ కూడదు. మాటలు లేవు. అంతే చెప్పి కూర్చోండి. నేనిలా చేయించినప్పుడు ఆరో తరగతి పిల్లాడొకడు అసలు గర్జించలేదు. దారికి అడ్డంగా పడుకుని, ఆవు ఎటు కదిలితే అటు తల తిప్పాడు. చూస్తున్న పిల్లలు గుసగుసలు ఆపేశారు. నేను నేర్పి ఉంటే అరుపు నేర్పేదాన్ని.

రెండో రంగంలో ఆవు దూడకి బుద్ధులు చెప్తుంది కదా, అవి రాసివ్వకండి. "రేపట్నించి నువ్వుండవు, దానికి ఏం చెప్పి వెళ్తావు?" అని అడగండి. ఒక పాప బాగా ఆలోచించి, "చెరువు దగ్గర జారుతుంది, ఒక్కదానివే దిగకు" అంది. మూడో రంగం మీరే చూసుకోగలరు.

దుస్తులు, మేకప్ చివరి మూడు రోజుల దాకా వద్దు. నాకు ఒక్క తువ్వాలు చాలు. అదే తోక, అదే గడ్డి, అదే దూడ పట్టుకునే అమ్మ కొంగు.

దీన్నే వృత్తిగా తీసుకోవాలనుకునే వాళ్లకి ఒక మాట. ఢిల్లీలోని జాతీయ నాటక పాఠశాలలో 1989 నుంచి పిల్లల నాటకానికి విడిగా ఒక బృందం పనిచేస్తోంది. పేరు సంస్కార్ రంగ్ టోలీ. అందులో నటులే టీచర్లు కూడా. అంత బాగా నటించడం వచ్చినవాళ్లు పిల్లల ముందు నటించి చూపకుండా ఉండటం మనకంటే కష్టం. ఆ ఓర్పు ఇప్పట్నించే అలవాటు చేసుకోండి.

అభ్యాసం: గంటసేపు రిహార్సల్‌ను ఫోన్‌లో రికార్డు చేయండి. ఇంటికెళ్లి మొత్తం విని, "ఇలా" అని ఎన్నిసార్లు అన్నారో లెక్కపెట్టండి. మర్నాడు కుర్చీలోంచి లేవకుండా, ప్రశ్నలు మాత్రమే అడుగుతూ అదే రంగం ముగ్గురు వేర్వేరు పులులతో చేయించండి. ఒక్కొక్కరిని విడిగా పిలవండి, ఒకరిది ఇంకొకరు చూడకూడదు. మూడు పులులూ ఒకేలా ఉంటే మీరు తెలియకుండా ఎక్కడో చూపించేశారు. మళ్లీ ఇంకో ముగ్గురిని పిలవండి.