ఎన్95 మాస్కులకు కొరత వస్తే: ఆశా అక్కలకు కొన్ని జాగ్రత్తలు

2020 ఎండాకాలంలో, కరోనా రోజుల్లో, దేవరకొండ తండాల్లో ఇంటింటి సర్వేకు తిరిగినప్పుడు నా దగ్గర ఉన్నవి రెండే ఎన్95 మాస్కులు. చెమటకు తడిసిందని ఒకదాన్ని సర్ఫు నీళ్లలో పిండి ఆరేశాను. తెల్లగా, కొత్తదానిలా అయింది. ఇంకో వారం ధైర్యంగా అదే పెట్టుకుని తిరిగాను. ఎంత పెద్ద తప్పు చేశానో తర్వాత ట్రైనింగ్‌లో తెలిసింది. మళ్లీ అలాంటి రోజులొస్తే మీరు ఆ పని చేయొద్దక్కా.

దువ్వెనను తలకు రుద్ది కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరొచ్చి అతుక్కుంటాయి కదా! ఈ మాస్కు లోపలి పొరకూ అలాంటి విద్యుత్ గుణం ఎక్కించి ఉంటారు. పోగుల సందుల్లోంచి జారిపోయే సన్న కణాలను పట్టేది అదే. సబ్బు, స్పిరిట్, శానిటైజర్ తగిలితే ఆ గుణం దెబ్బతింటుంది. చూడ్డానికి మాస్కు బాగానే ఉంటుంది, అందుకే మోసపోతాం.

మన నల్గొండ ఎండకు ఏ క్రిమైనా చస్తుందని దాబా మీద ఆరేసేవాళ్లున్నారు. ఎండలో క్రిములను బాగా చంపే యూవీ-సి అనే అతినీలలోహిత కిరణాలు పైన ఓజోన్ పొరలోనే ఆగిపోతాయి, నేల దాకా రావు. 2020 కొరత రోజుల్లో కొన్ని పెద్దాసుపత్రుల్లో హైడ్రోజన్ పెరాక్సైడ్ ఆవిరితోనో యూవీ-సి యంత్రంతోనో కొలత ప్రకారం శుద్ధి చేశారు. అది చూసి ఇంట్లో కుక్కర్‌తో ప్రయోగాలు వద్దు. మైక్రోవేవ్‌లో పెడితే ముక్కు దగ్గరి లోహపు పట్టీకి నిప్పురవ్వలు లేస్తాయి.

మన చేతిలో ఉన్నది, మాస్కు మీది క్రిములు వాటంతటవే చచ్చేలా రోజులు గడవనివ్వడమే. మాస్కులు ఇచ్చేటప్పుడే ఐదు ఇవ్వమని అడగండి. రోజుకొకటి వాడి, విడివిడిగా కాగితపు కవర్లలో పెట్టి, పేరు, తేదీ రాయండి. పాలిథిన్ కవరులో చెమ్మ ఆరదు. సోమవారం వాడింది మళ్లీ శనివారమే తీయాలి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2020లో కొరత రోజులకు చెప్పిన పద్ధతి ఇదే. ఒక్కో మాస్కు ఐదుసార్లకు మించి వద్దని కూడా చెప్పింది. కొత్తవి దొరికితే ఈ తిప్పలేవీ అక్కర్లేదు, కొత్తదే వాడండి.

పాత మాస్కు ముందువైపు ముట్టుకోకుండా పట్టీలు పట్టుకునే తీయాలి, పెట్టాలి. ముందూ తర్వాతా చేతులు కడుక్కోవాలి. పెట్టుకున్నాక రెండు చేతులూ అడ్డంపెట్టి గట్టిగా ఊపిరి వదలండి. ముక్కు పక్కనుంచో బుగ్గల దగ్గరో గాలి పోతుంటే సర్దుకోండి, అయినా ఆగకపోతే అది పనికిరాదు. పట్టీ సాగినా, నెత్తురో తెమడో పడినా, చెమటకు నానినా అంతే. అలాంటిదాన్ని ఇంటికి తేకుండా, పట్టీలు కత్తిరించి ఆసుపత్రి పసుపు సంచిలో వేయండి.