వర్చువల్ మెషీన్ (వీఎమ్) డిస్క్ పెంచాలంటే ముందు ఏది, తర్వాత ఏది

"అన్నా, వర్చువల్‌బాక్స్‌లో డిస్క్ 25 జీబీ నుంచి 60 చేసినా, ఉబుంటులో చూస్తే ఇంకా 25 యే చూపిస్తాంది." ఇక్కడ అనంతపురంలో ఇంజనీరింగ్ చదివే తమ్ముళ్లు ఎప్పుడూ అడిగేది ఇదే. డాకర్ ఇమేజీలు నాలుగు దించుకుంటే చాలు డిస్క్ నిండిపోతాది, డిస్క్ సైజు స్లైడర్ జరుపుతారు, లోపల ఏమీ మారదు, ఇంక కంగారుపడి నెట్లో దొరికిన కమాండ్లన్నీ వరసపెట్టి కొట్టేస్తారు, డేటా పోయేది అక్కడే.

సంగతేందంటే వీఎమ్‌లో, అంటే వర్చువల్‌బాక్స్, వీఎమ్‌వేర్, హైపర్-వీ, క్యూఈఎమ్‌యూ లాంటివి మన కంప్యూటర్ లోపల నడిపే ఇంకో కంప్యూటర్‌లో, జాగా అనేది ఒకటి కాదప్పా, ఒకదాని లోపల ఒకటి మూడుంటాయి. బయట హోస్ట్‌లో, అంటే మన అసలు కంప్యూటర్‌లో ఉండే డిస్క్ ఫైలు, అంటే వీడీఐ, వీఎమ్‌డీకే, వీహెచ్‌డీఎక్స్ అట్లాంటివి. దాని లోపల పార్టిషన్ (డిస్క్‌లో విడగొట్టిన ఒక భాగం), పార్టిషన్ లోపల ఫైల్ సిస్టమ్ (ఫైళ్లను సర్ది పెట్టే ఏర్పాటు). ఎల్‌వీఎమ్ (లినక్స్‌లో డిస్క్ జాగాను పంచే ఏర్పాటు) ఉంటే మధ్యలో ఇంకొన్ని చేరతాయి. పెంచేటప్పుడు బయట నుంచి లోపలికి రావాల, తగ్గించేటప్పుడు లోపల నుంచి బయటికి పోవాల. స్లైడర్ జరిపితే పెరిగేది ఆ బయటిది ఒక్కటే, మిగతావి మనం చెప్పేదాకా కదలవు.

ముందు వీఎమ్‌ని పూర్తిగా షట్‌డౌన్ చేయండి, సేవ్ స్టేట్ (నడిచేదాన్ని అట్లనే దాచి ఆపడం) పనికిరాదు. తర్వాత ఆ వీఎమ్ ఫోల్డర్ మొత్తం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ కొట్టండి. స్నాప్‌షాట్ (వీఎమ్ ఒక క్షణంలో ఎట్లుందో దాచుకున్నది) ఉంది కదా కాపీ ఎందుకు అంటారు చాలామంది, స్నాప్‌షాట్ బ్యాకప్ కాదు, పైగా ఈ పనికి అదే అడ్డం. వీఎమ్‌వేర్ వర్క్‌స్టేషన్‌లో స్నాప్‌షాట్ ఉంటే ఎక్స్‌పాండ్ బటనే పనిచేయదు, హైపర్-వీలో చెక్‌పాయింట్లు (స్నాప్‌షాట్లకు అక్కడి పేరు) ఉండంగా అసలు డిస్క్ ఫైలును కెలికితే వాటికి, ఆ ఫైలుకు మధ్య ఉన్న గొలుసు తెగి వీఎమ్ లేవకుండా పోవచ్చు. కాబట్టి వాటిని ముందు డిలీట్ చేయండి, డిలీట్ అంటే భయపడొద్దు, ఇప్పుడున్న స్థితి అట్లనే ఉంటాది, మార్పులన్నీ అసలు ఫైల్లోకి కలిసిపోతాయి, కాకపోతే కలిసేటప్పుడు హోస్ట్‌లో కాస్త ఖాళీ కావాల. ఇంకోటి, ఎండాకాలం మన దగ్గర కరెంటు ఎప్పుడు పోతాదో తెలీదు, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

వర్చువల్‌బాక్స్‌లో ఫైల్ మెనూ, టూల్స్, వర్చువల్ మీడియా మేనేజర్, అక్కడ డిస్క్ సెలెక్ట్ చేసి సైజు మార్చి అప్లై. కమాండ్‌తో చేసేవాళ్లు సైజు ఎంబీల్లో ఇవ్వాల, 60 జీబీ అంటే 61440. హైపర్-వీలో ఎడిట్ డిస్క్. క్యూఈఎమ్‌యూ వాడేవాళ్లు ప్లస్ గుర్తు చూసుకోండి, ప్లస్ 20జీ అంటే ఇంకో 20 కలుపుతాది, ప్లస్ మర్చిపోయి ఉత్త 20జీ అంటే మొత్తం డిస్కే 20 చెయ్యమని అర్థం.

ఇప్పుడు లోపలికి. గెస్ట్, అంటే వీఎమ్ లోపల నడిచేది, విండోస్ అయితే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరుస్తారు, కుడిపక్క అన్‌అలకేటెడ్ అని 35 జీబీ కనిపిస్తానే ఉంటాది, కానీ సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేస్తే ఎక్స్‌టెండ్ వాల్యూమ్ బూడిద రంగులో ఉంటాది. సీకి, ఆ ఖాళీకి మధ్యలో రికవరీ పార్టిషన్ కూర్చోనుంటాది, అందుకు. మీ శేనుకు, మీరు కొత్తగా కొన్న శేనుకు మధ్యలో వేరేవాళ్ల మడి ఉంటే గట్టు తీసి కలుపుకోలేరు కదా, అంతే. విండోస్‌లోని డిస్క్‌పార్ట్ కమాండ్‌లో ఓవర్‌రైడ్ పెట్టి దాన్ని డిలీట్ చేయమని చాలాచోట్ల రాసుంటారు, నేనైతే పార్టిషన్లు మార్చే జీపార్టెడ్ టూలు లైవ్ ఐఎస్ఓతో బూట్ చేసి ఆ పార్టిషన్‌ని కుడి చివరికి జరపడమే మేలంటాను. జరిపే ముందు విండోస్‌లో అడ్మిన్‌గా రీఏజెంట్‌సీ (రికవరీని ఆపి, మళ్లీ పెట్టే కమాండ్) డిసేబుల్, అంతా అయినాక ఎనేబుల్ కొట్టండి, బిట్‌లాకర్ (డిస్క్‌కు తాళమేసే ఎన్‌క్రిప్షన్) ఉంటే ముందే పూర్తిగా తీసేయండి. లేదు డిస్క్‌పార్టే వాడతామంటే, డిలీట్‌కి ముందు లిస్ట్ పార్టిషన్ కొట్టి చుక్క గుర్తు (*) ఏ వరస పక్కన ఉందో కళ్లతో చూసుకోండి, గుర్తున్నదే పోతాది.

లినక్స్‌లో ముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే కొట్టి ఏది దేని లోపల ఉందో చూడండి. మామూలు ఉబుంటు డెస్క్‌టాప్‌లో రూట్ (సిస్టమ్ ఉండే) పార్టిషనే చివర ఉంటే పని తేలిక, గ్రోపార్ట్‌తో పార్టిషన్, రీసైజ్‌2ఎఫ్‌ఎస్‌తో ఫైల్ సిస్టమ్, నడుస్తా ఉండంగానే అయిపోతాది. గ్రోపార్ట్‌కి డిస్క్ పేరు, పార్టిషన్ నంబరు విడివిడిగా ఇవ్వాల, ఎస్‌డీఏ తర్వాత ఒక స్పేస్ కొట్టి 3, కలిపి రాస్తే ఒప్పుకోదు. జీపార్టెడ్‌లో చేస్తే తెరవంగానే జీపీటీ (డిస్క్‌లోని పార్టిషన్ల పట్టిక) గురించి హెచ్చరిక వస్తాది, జీపీటీ రెండో కాపీ డిస్క్ చివర ఉండాల, మనం చివరనే జరిపినాం కాబట్టి అది ఇప్పుడు మధ్యలో పడిపోయింది, ఫిక్స్ నొక్కండి చాలు.

ఉబుంటు సర్వర్ అయితే ఒక తమాషా ఉంది. ఇన్‌స్టాలర్ ఎల్‌వీఎమ్ పెట్టి, చాలాసార్లు జాగా మొత్తం రూట్‌కి ఇవ్వకుండా కొంత పక్కన ఉంచేస్తాది. వీజీఎస్ కొట్టి వీఫ్రీ కాలమ్ చూడండి, అక్కడ ఖాళీ కనిపిస్తే డిస్క్ పెంచే పనే లేదు, ఎల్‌వీఎక్స్‌టెండ్‌కి ఆర్ ఆప్షన్ కలిపితే ఫైల్ సిస్టమ్ కూడా దాంతోపాటే పెరుగుతాది. డిస్క్ పెంచినవాళ్లకైతే గ్రోపార్ట్ తర్వాత పీవీరీసైజ్, ఆ తర్వాతే ఎల్‌వీఎక్స్‌టెండ్. రాకీ, ఆల్మా లాంటి లినక్స్‌లలో ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఉంటాది, దానికి ఎక్స్‌ఎఫ్‌ఎస్_గ్రోఎఫ్‌ఎస్ వాడాల, డివైస్ పేరు కాదు మౌంట్ పాయింట్ (అది తగిలించిన ఫోల్డర్) ఇవ్వండి.

ఇంక తగ్గించడం. వద్దంటాను. ఎక్స్‌ఎఫ్‌ఎస్‌ని ఇట్లా తగ్గించలేం, వర్చువల్‌బాక్స్ డిస్క్ సైజును పెంచుతాదే గానీ తగ్గించదు, మిగతా వాటిలో ఫైల్ సిస్టమ్ కంటే ముందు డిస్క్ కోసేస్తే చివర ఉన్న డేటా పోయినట్టే. తప్పదంటే చిన్న సైజులో కొత్త డిస్క్ తగిలించి దాంట్లోకి కాపీ చేసుకోండి. అసలు చాలామందికి కావాల్సింది తగ్గించడం కాదు, లోపల ఫైళ్లు తీసేసినా హోస్ట్‌లో వీడీఐ ఫైలు 50 జీబీ అట్లనే ఉందే అని బాధ, దానికి మందు కాంపాక్ట్, అంటే ఆ ఫైలును కుదించడం. లోపల ఖాళీని సున్నాలతో నింపండి, విండోస్‌లో ఎస్‌డిలీట్‌కి జడ్ ఆప్షన్, లినక్స్‌లో లైవ్ ఐఎస్ఓ నుంచి జీరోఫ్రీ, తర్వాత షట్‌డౌన్ చేసి హోస్ట్‌లో వర్చువల్‌బాక్స్ కమాండ్ వీబాక్స్‌మేనేజ్‌కి కాంపాక్ట్ ఆప్షన్ ఇచ్చి నడపండి. డైనమిక్ డిస్క్ అయితే సున్నాలు నింపేటప్పుడు ఫైలు ముందు ఉబ్బుతాది, హోస్ట్‌లో అంత ఖాళీ లేకపోతే వీఎమ్ మధ్యలోనే ఆగిపోతాది, చూసుకుని మొదలుపెట్టండి.