పీఎఫ్, ఎన్‌పీఎస్ సొమ్ము ఎప్పుడు తీసుకుంటే పన్ను తగ్గుతుంది

బెంగళూరులో వైట్‌ఫీల్డ్ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా పనిచేస్తున్న మన తెలుగువారిలో కంపెనీ మారినప్పుడల్లా పాత పీఎఫ్ తీసేసుకునేవారు చాలామందే ఉన్నారు. పన్ను నష్టం అక్కడే మొదలవుతుంది. వరుసగా 5 ఏళ్ల సర్వీసు నిండకముందే తీసుకుంటే, యాజమాన్యం వాటా, దానిపై వడ్డీ జీతం కిందికి వచ్చి పన్నుకు లోనవుతాయి. మన వాటాపై వడ్డీకీ పన్ను తప్పదు. మొత్తం 50,000 రూపాయలు, ఆపైన ఉంటే 10 శాతం టీడీఎస్ (సొమ్ము చెల్లించేటప్పుడే మినహాయించే పన్ను) ముందే కోస్తారు.

ఉద్యోగం లేని ఏడాదిలో తీసుకుంటే పన్ను శ్లాబు (ఆదాయాన్ని బట్టి మారే పన్ను రేటు) తగ్గుతుందని కొందరు ఆగుతారు. ఆ లెక్క ఇక్కడ కుదరదు. చట్టం ప్రకారం ఈ పన్నును సొమ్ము చేతికొచ్చిన ఏడాది ఆదాయాన్ని బట్టి కాక, అది జమ అయిన ఆయా సంవత్సరాలకు తిరిగి లెక్కగడతారు. అందుకే చూసుకోవలసింది 5 ఏళ్ల గడువునే. 4 ఏళ్ల 4 నెలలకు ఉద్యోగం మారినవారు పాత ఖాతాను కొత్త కంపెనీకి బదిలీ చేయించుకుంటే రెండు సర్వీసులూ కలుస్తాయి; మరో 8 నెలలకు గడువు నిండుతుంది. అనారోగ్యం వల్ల గానీ, కంపెనీ మూతపడి గానీ ఉద్యోగం పోయినవారికి ఈ షరతు వర్తించదు. ఇది తెలియక పన్ను కట్టేవారిని చూస్తే బాధ కలుగుతుంది.

రిటైరయ్యాక లెక్క వేరు. 58 ఏళ్లకు రిటైరైనవారి ఖాతాకు మరో 3 ఏళ్ల దాకా వడ్డీ వస్తుంది గానీ, ఉద్యోగం వదిలిన తర్వాతి వడ్డీకి పన్ను ఉంటుందని ఆదాయపు పన్ను ట్రిబ్యునల్ బెంగళూరు బెంచి 2017లో తీర్పు చెప్పింది. అలాగని అందరూ వెంటనే తీసుకోవాలని నేననను. 40 లక్షల నిల్వపై 2024-25 నాటి 8.25 శాతం చొప్పున ఏడాదికి 3.30 లక్షల వడ్డీ వస్తుంది. ఇంటద్దె, ఇతర వడ్డీలు కలిపి పన్ను లెక్కకు వచ్చే ఆదాయం 6 లక్షలే ఉన్నవారికి మొత్తం 9.30 లక్షలవుతుంది, 2025-26 కొత్త పన్ను విధానంలో 12 లక్షల దాకా రిబేటు (పన్ను మాఫీ) ఉన్నందున పన్ను పడదు. కన్సల్టెన్సీ మీద 14 లక్షలు సంపాదించేవారికి మాత్రం అదే వడ్డీపై సెస్సుతో కలిపి 58 వేలకు పైగా పడుతుంది. వారు సొమ్ము తీసేసుకోవడమే మేలు.

ఎన్‌పీఎస్‌లో (జాతీయ పింఛను పథకంలో) 60 ఏళ్లకు మొత్తం నిధిలో 60 శాతం దాకా ఏకమొత్తంగా తీసుకుంటే పన్ను లేదు కనుక దాన్ని ఏ నెలలో తీసుకున్నా ఒకటే. మిగతా నిధితో కొనే యాన్యుటీ (క్రమంగా పింఛను ఇచ్చే బీమా పథకం) మీద వచ్చే పింఛను మాత్రం ఏటేటా ఆదాయంలో కలుస్తుంది. జనవరిలో రిటైరైనవారికి ఆ ఆర్థిక సంవత్సరంలో పది నెలల జీతం అప్పటికే ఖాతాలో పడి ఉంటుంది; పైగా 25 లక్షలు దాటిన లీవ్ ఎన్‌క్యాష్‌మెంట్ (వాడుకోని సెలవులకు ఇచ్చే సొమ్ము) ఉంటే ఆ మిగులూ దానికి తోడవుతుంది. అటువంటివారు మొదటి పింఛను ఏప్రిల్ 1 తర్వాతే అందేలా యాన్యుటీ కొనుగోలును వాయిదా వేసుకోవడం మంచిది.