రేట్లు పెంచలేదట, బిల్లు మాత్రం పెరిగింది

లక్షణం: యూనిట్లు నిరుడు ఇదే నెలలో ఎన్నో ఇప్పుడూ అన్నే. "ఈ ఏడాది ఛార్జీల భారం లేదు" అని ప్రకటన వచ్చింది. బిల్లు మాత్రం పెరిగింది.

మీటరును తిట్టే ముందు బిల్లు చదవండి. ఇదొక్కటీ ఎవరూ చెయ్యరు, మొత్తం చూసి టెన్షన్ పడతారు. రెండు రీడింగుల మధ్య ఎన్ని రోజులు? ఎనర్జీ ఛార్జీ, ఫిక్స్‌డ్ ఛార్జీ, విద్యుత్ సుంకం పక్కన పెట్టాక ఏం మిగిలింది? "ట్రూ-అప్" (అంచనాకి, అసలు ఖర్చుకి తేడాను తర్వాత వసూలు చెయ్యడం) అనో "ఎఫ్‌పీపీసీఏ" (ఇంధనం, కరెంటు కొనుగోలు ఖర్చు సర్దుబాటు) అనో చిన్న అక్షరాల లైను ఉంటే దొంగ దొరికినట్టే. యూనిట్‌కి 40 పైసలంటే 200 యూనిట్లకు 80 రూపాయలు.

నేనూ ఇక్కడే దెబ్బతిన్నాను. ఏటా రేట్లు ఖరారు చేసే విద్యుత్ నియంత్రణ మండలికి (ఈఆర్‌సీ) టారిఫ్ మీద, అంటే ఆ రేట్ల మీద, అభ్యంతరం రాసి, పెంపు లేదనగానే ఫైలు మూసేసేవాణ్ని. ట్రూ-అప్ పిటిషన్ నంబరు వేరు, విచారణ తేదీ వేరు. అది నా కళ్ల ముందే వెళ్లిపోయింది.

డిస్కం, అంటే మనకు కరెంటు పంపిణీ చేసే సంస్థ, ఖర్చులో సింహభాగం కరెంటు కొనుగోలుదే. అంచనా తక్కువ వేసి టారిఫ్ ఖరారు చేస్తే ఆ ఏడాది అందరూ హ్యాపీ. తేడా పద్దులో నిలిచి, దానికి వడ్డీ కూడా చేరి, తర్వాత మన నెత్తిన పడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2014-19 నాటి ట్రూ-అప్ 2022 ఆగస్టు నుంచి బిల్లుల్లోకి వచ్చింది. అప్పుడు వాడినవాళ్లు ఎవరో, కట్టినవాళ్లు ఎవరో.

పరిష్కారం విధానంలోనే ఉంది. తేడాను ఏ ఏటికాయేడు తేల్చాలి. కొత్తగా మిగిలే లోటును మూడేళ్లలోపు తీర్చాలని 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు చెప్పింది కూడా. సబ్సిడీ ఇస్తామన్న ప్రభుత్వం ఆ డబ్బు ముందుగా జమ చెయ్యాలని 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ అంటుంది. ఎప్పుడు, ఎంత జమైందో ఈఆర్‌సీ విచారణలో అడగండి. కరెంటు తీసుకోకపోయినా విద్యుత్ ప్లాంట్లకు డిస్కం ఎంత స్థిర ఛార్జీ కట్టిందో కూడా అడగండి. గదిలో గుసగుసలు మొదలయ్యేది ఆ ప్రశ్నకే.

మీటరు పరుగెత్తడం అరుదు. అనుమానముంటే ఫీజు కట్టి టెస్టు చేయించుకోండి. సుంకం మారితే దాని లైన్లోనే కనిపిస్తుంది, వెతకక్కర్లేదు.

అభ్యంతరం రాసేటప్పుడు టారిఫ్‌కి ఒకటి, ట్రూ-అప్‌కి ఒకటి విడిగా రాయండి. రెండూ ఒకే కాగితం మీద పెడితే రెండోది ఎవరూ తీసి చూడరు.