సహాయ ప్రణాళిక రాయడానికి కూర్చునే ముందు

(సహాయ ప్రణాళిక అంటే, రోజువారీ పనుల్లో తోడు అవసరమైన వ్యక్తికి ఎవరు, ఎప్పుడు, ఎంత సాయం చేస్తారో రాసిపెట్టే కాగితం. చదివి అర్థం చేసుకోవడం కష్టమైనా, ఆ వ్యక్తికే అర్థమయ్యేలా ఉండాలి.)

☐ ప్రణాళిక ఎవరిదో వారితోనే ముందు మాట్లాడండి. ఇంట్లోవాళ్ల మాట ఆ తర్వాత.

☐ వాక్యానికి ఒకటే సంగతి. "వ్యక్తిగత పరిశుభ్రతలో తగు తోడ్పాటు అందించబడును" అంటే ఎవరికి ఎక్కుతుంది? ఇలా రాయండి: "ఉదయం స్నానానికి అక్క సాయం చేస్తుంది. వీపు రుద్దుతుంది. తల నేనే రుద్దుకుంటాను." ఎవరు, ఎప్పుడు, ఎంతవరకు అన్నీ తేలిపోయాయి.

☐ అక్షరాలు కనీసం 14 పాయింట్లు. పక్కనే బొమ్మ. చదివేది పెద్దవాళ్లు, పిల్లల కార్టూన్లు వద్దు.

☐ మందుల మోతాదు, అలర్జీలు, మూర్ఛ వస్తే చేయాల్సినవి సులభం చేసే వంకతో కత్తిరించకండి. విడి పేజీలో పెట్టండి.

☐ చదివించాక "అర్థమైందా?" అని అడగకండి. మొహమాటానికి అవునంటారు. "రేపు ఉదయం ఎవరు వస్తారు?" అని అడగండి. తడబడితే ఆ వాక్యం తిరగరాయండి.

☐ కాపీ ఎవరెవరికి ఇవ్వాలో వారినే అడగండి.