రాత్రి బస నుంచి అద్దె గది దాకా: విజయవాడలో నిరాశ్రయులకు తోడుండదలచిన వారికి

పండిట్ నెహ్రూ బస్ స్టేషన్ పరిసరాల్లోనూ, కృష్ణా ఘాట్ల మెట్ల మీదా, కాళేశ్వరరావు మార్కెట్ చుట్టుపక్కల మూసిన దుకాణాల అరుగుల మీదా నిద్రపోయేవారికి అన్నం పొట్లం ఇచ్చేవారు, చలికాలంలో దుప్పటి కప్పేవారు మన విజయవాడలో తక్కువేమీ లేరు. ఆ తరువాత ఏం చేయాలో, ఎవరిని అడగాలో తెలియక చాలామంది అక్కడే ఆగిపోతారు. ఒక మనిషిని ఆరుబయటి నుంచి షెల్టర్‌కు, అక్కడి నుంచి తాళం చెవి తన చేతిలోనే ఉండే గదికి చేర్చి, ఏడాది తిరిగేసరికి ఆ మనిషి ఇంకా ఆ గదిలోనే ఉండేలా చూడడం ఎలాగో, ఈ పనిలో ఉన్న ఒక చిన్న బృందంలో సభ్యుడిగా నాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాస్తున్నాను. షెల్టర్‌లో చేర్పించడంతో మన బాధ్యత తీరిందనుకోవడమే మేము మొదట్లో చేసిన పెద్ద పొరపాటు.

మొదటి రాత్రికి ముందు

మనిషి కనబడిన రోజే ఆటో ఎక్కించి షెల్టర్‌లో దింపి వస్తే మేలు చేసినట్టే అనిపిస్తుంది కాని, అలా చేరినవారిలో చాలామంది వారం తిరక్కుండానే పాత చోటికి వచ్చేయడం నేను చూశాను. మూడు నాలుగు సార్లు వెళ్లి, పక్కన కూర్చుని మాట్లాడాలి. ఎక్కడ పని దొరుకుతోంది, సామాను ఎక్కడ దాచుకుంటున్నారు, రాత్రిపూట ఎవరికి భయపడుతున్నారు అన్న సంగతులు తెలుసుకోవాలి. పెళ్లి భోజనాల్లో వడ్డించడానికి వెళ్లే క్యాటరింగ్ కూలీ వ్యాను ఆగే చోటికి వేళకు చేరుకోలేకపోతే ఆ రోజు కూలి పోయినట్టే. గుంటూరు మిర్చి యార్డులో మూటలు మోసే మనిషి యార్డుకు నడిచి వెళ్లగలిగిన దూరంలోనే బతకగలడు. ఆ చోటికి దూరమైన బస ఎంత శుభ్రంగా ఉన్నా వారికి అక్కరకు రాదు. పేరు చెప్పడానికి ఇష్టపడని వారిని బలవంతపెట్టకుండా "బాబాయ్" అనో "పెద్దమ్మా" అనో పిలిస్తే సరిపోతుంది. అయితే "మీరు" అనే మాట్లాడండి.

కొన్ని సందర్భాల్లో మాత్రం ఇంత నిదానం తగదు. ఒంటరిగా ఉన్న పిల్లలు కనబడితే 1098కి, ఆపదలో ఉన్న స్త్రీ అయితే 181కి, వృద్ధులైతే 14567కి, ఒంట్లో ప్రమాదకరంగా ఉంటే 108కి వెంటనే ఫోన్ చేయాలి.

షెల్టర్‌కు ముందుగా మీరొక్కరే వెళ్లి చూడండి. లక్ష జనాభాకు కనీసం వందమందికి చోటు ఉండాలని, మనిషికి 50 చదరపు అడుగుల స్థలం ఉండాలని, ఏడాది పొడవునా ఇరవై నాలుగు గంటలూ తెరిచి ఉండాలని 2013లో మొదలైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషన్ కింద నిబంధనలు ఏర్పడ్డాయి. వాటికి పునాది సుప్రీంకోర్టు ఆదేశాలు. 2011 జనాభా లెక్కల్లోనే పది లక్షలు దాటిన విజయవాడకు ఈ కొలత ప్రకారం కనీసం వెయ్యి మందికి చోటు ఉండాలి. ఎక్కడెక్కడ షెల్టర్లు నడుస్తున్నాయో, ఎక్కడ ఖాళీ ఉందో నగరపాలక సంస్థ కార్యాలయంలోని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) విభాగంలో అడిగితే చెబుతారు. వెళ్లినప్పుడు గోడల రంగు కన్నా నాలుగు సంగతులు ముఖ్యంగా కనుక్కోండి: పగటిపూట పడుకోనిస్తారా, తాళం వేసుకునే పెట్టె ఇస్తారా, రాత్రి పని ముగించుకుని ఆలస్యంగా వచ్చేవారికి తలుపు తీస్తారా, భార్యాభర్తలు విడిపోవలసి వస్తుందా. క్యాటరింగ్ పనివారు అర్ధరాత్రి దాటాక తిరిగి వస్తారు. తలుపు తీయని షెల్టర్ వారికి బస కాజాలదు.

కాగితాలు

షెల్టర్‌లో చేరిన మొదటి వారంలోనే కాగితాల పని మొదలుపెట్టాలి. "ముందు కోలుకోనివ్వండి, తరువాత చూద్దాం" అనుకుంటే నెలలు గడిచిపోతాయి, షెల్టరే శాశ్వత నివాసమైపోతుంది.

అన్నిటికన్నా ముందు ఆధార్. ఇక్కడ తొందరపడి కొత్తగా నమోదు చేయించవద్దు. కార్డు లేదని చెప్పేవారిలో చాలామందికి ఎప్పుడో, ఏ ఊళ్లోనో ఆధార్ ఉండే ఉంటుంది. వేలిముద్రలు పాత వివరాలతో సరిపోలగానే కొత్త దరఖాస్తు తిరస్కారానికి గురవుతుంది, ఈలోగా నెలా రెండు నెలల కాలం వృథా అవుతుంది. ముందుగా ఆధార్ సేవా కేంద్రంలో వేలిముద్రలతో పాత నంబరు దొరుకుతుందేమో చూడాలి. బరువులు మోసి, సిమెంటు కలిపి వేలిముద్రలు అరిగిపోయిన వారికి కనుపాపల గుర్తింపు అడగాలి. నిజంగానే ఆధార్ లేదని తేలితే, ఆధార్ సంస్థ నిర్దేశించిన నమూనాలో కార్పొరేటర్ గాని, ఎమ్మెల్యే గాని, గెజిటెడ్ అధికారి గాని ఫొటో మీద సంతకం చేసి ఇచ్చే ధ్రువపత్రంతో నమోదు చేయించవచ్చు. ఆ ధ్రువపత్రం మూడు నెలలే చెల్లుతుంది కనుక ఆధార్ కేంద్రంలో అపాయింట్‌మెంట్ తీసుకున్న తరువాతే సంతకానికి వెళ్లడం మంచిది.

ఆధార్ చేతికొచ్చాక జీరో బ్యాలెన్స్ బ్యాంకు ఖాతా, ఆ తరువాత వార్డు సచివాలయం ద్వారా బియ్యం కార్డు, పింఛను దరఖాస్తులు వరుసగా నడుస్తాయి. 60 ఏళ్లు నిండిన వారికి, వితంతువులకు ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 4000 రూపాయలు, దివ్యాంగులకు 6000 రూపాయలు వస్తాయి. దివ్యాంగుల పింఛనుకు, వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం శిబిరంలో వైద్యుల పరీక్ష జరగాలి కాబట్టి దాని స్లాటు తొలి నెలలోనే బుక్ చేయండి. పింఛను నెల మొదట్లో సచివాలయం సిబ్బంది ఇంటికి తెచ్చి ఇస్తారు. అంటే తలుపు తట్టడానికి ఒక చిరునామా ఉండాలి, తట్టినప్పుడు మనిషి అక్కడ ఉండాలి. స్థిరమైన నివాసానికీ స్థిరమైన రాబడికీ ఉన్న ముడి ఇదే. ప్రతి కాగితానికీ మూడు నకళ్లు తీసి ఒకటి ఆ మనిషి దగ్గర, ఒకటి షెల్టర్‌లో, ఒకటి మీ దగ్గర ఉంచండి. ఆరుబయట బతికిన వారి నుంచి సంచులు పోవడం చాలా సాధారణం.

మనసు బాగోలేని వారి విషయంలో

రోడ్డు మీద తిరుగుతూ తనలో తాను మాట్లాడుకునే మనిషిని చూసి జనం దూరం జరుగుతారు, కొందరు వేరే ఊరి బస్సెక్కించి పంపేస్తారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017 ప్రకారం అటువంటి వారిని తమ రక్షణలోకి తీసుకుని 24 గంటల్లోగా ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చవలసిన బాధ్యత పోలీసులది. లాకప్‌లో ఉంచడానికి వీల్లేదు. స్టేషన్‌లో ఈ మాట మర్యాదగా, సెక్షన్ 100 అని పేరు చెప్పి మరీ గుర్తు చేయండి. అదే చట్టంలోని 19వ సెక్షన్ ప్రకారం, కుటుంబం లేదనో, కుటుంబం రానివ్వడం లేదనో, ఉండడానికి ఇల్లు లేదనో ఒక మనిషిని చికిత్సాలయంలోనే ఉంచేయకూడదు. సలహా కోసం టెలీ మానస్ నంబరు 14416లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇలాంటి వారికి తాత్కాలిక బస, ఆపై చిన్న వసతి, ఆపై ఇల్లు అంటూ మెట్లు ఎక్కించడం అవసరమా అన్నది లోకమంతా చర్చించిన విషయమే. 1992లో న్యూయార్క్‌లో ఒక సంస్థ, మద్యం మానాలనీ చికిత్సకు ఒప్పుకోవాలనీ షరతులేవీ పెట్టకుండా ముందు ఇల్లు ఇచ్చి, తరువాత వైద్యులనూ సామాజిక కార్యకర్తలనూ ఆ ఇంటికే పంపడం మొదలుపెట్టింది. ఫిన్లాండ్ 2008 నుంచి దాన్నే జాతీయ విధానంగా చేసుకుంది. మనకు దగ్గరలో చెన్నైలోని బాన్యన్ సంస్థ 2015లో ప్రారంభించిన హోమ్ అగైన్ పద్ధతిలో, ఏళ్ల తరబడి ఆసుపత్రుల్లోనే ఉండిపోయిన మహిళలు నలుగురైదుగురు కలిసి మామూలు వీధిలో అద్దె ఇంట్లో ఉంటారు, వంట, బజారు తామే చూసుకుంటారు, సహాయకురాలు తోడుంటుంది. మన దగ్గర ఇద్దరు వితంతువులు కలిసి ఉండాలనుకుంటే రెండు పింఛన్లూ కలిపి 8000 రూపాయలవుతాయి. అన్న క్యాంటీన్‌లో పూటకు 5 చొప్పున మనిషికి నెలకు 450 రూపాయలు మించదు. ఆ లెక్కలో ఒక గది అద్దెకు, మందులకు చోటు ఉంది. నా అభిప్రాయంలో మన ఊరికి సరిపోయే నమూనా ఇదే.

గది వెతకడం

గది ఎంపికలో ఆ మనిషే ముందు నడవాలి. మీరు వెనక ఉండండి. తనకు నచ్చని గదిలో ఎవరూ నిలవరు. పని దొరికే చోటికి నడక దూరం, ప్రభుత్వాసుపత్రికి సిటీ బస్సు, ఆ తరువాత అద్దె, ఈ క్రమంలో చూడండి. సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట వైపు అద్దెలు తక్కువని వెళ్లేవారు 2024 సెప్టెంబరులో బుడమేరు ముంచినప్పుడు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఇరుగుపొరుగును అడిగి, వీలైతే పై అంతస్తులో గది తీసుకోవాలి. కాగితాలన్నీ తడిసిపోతే పై పనంతా మళ్లీ మొదటికొస్తుంది.

ఇంటి యజమానితో దాపరికం వద్దు. షెల్టర్ నుంచి వస్తున్నారని తరువాత తెలిస్తే మోసపోయామనుకుంటారు. "ఈ పెద్దాయన బాధ్యత మాది, మొదటి మూడు నెలలూ నెలకు నాలుగు సార్లు వచ్చి చూసి వెళతాం, ఏ ఇబ్బంది వచ్చినా ముందు మాకు ఫోన్ చేయండి" అని చెప్పి, చెప్పినట్టే వెళ్లండి. 11 నెలల ఒప్పందం ఆ మనిషి పేరునే రాయించాలి. అడ్వాన్సు మీరు సర్దినా రసీదు ఆయన పేరునే ఉండాలి.

రాబడి లెక్క వేసేటప్పుడు పంచాంగం కూడా చూడాలి. ఆషాఢంలోనూ, మూఢం రోజుల్లోనూ పెళ్లిళ్లుండవు, క్యాటరింగ్ పని దాదాపు ఆగిపోతుంది. మాఘమాసపు రాబడిని చూసి అద్దె కుదుర్చుకున్న ఒక మనిషి ఆషాఢంలో గది ఖాళీ చేసి తిరిగి ఘాటుకు చేరడం మా కళ్ల ముందే జరిగింది. అప్పటి నుంచి పెళ్లిళ్ల కాలంలోనే రెండు నెలల అద్దె బ్యాంకులో పక్కన పెట్టిస్తున్నాం.

గదిలోకి వెళ్లాక

చేరేరోజు మంచిరోజు చూసి, ఆనవాయితీ ఉన్నవారైతే పాలు వారి చేతనే పొంగించండి. ఒక చాప, గిన్నెలు, దీపం, తాళం చాలు. తాళానికి ఉన్న చెవులన్నీ ఆ మనిషికే ఇవ్వండి, ఒకటి మీ దగ్గర అట్టిపెట్టుకోకండి.

మొదటి మూడు నెలల్లో వారానికొకసారైనా వెళ్లాలి. ఒంటరితనం కష్టమైన విషయం. పదిమంది మధ్య పడుకోవడానికి అలవాటుపడిన వారికి నాలుగు గోడల మధ్య నిద్రపట్టదు, కొందరు తలుపు బయటే పడుకుంటారు. దాన్ని తప్పుపట్టవద్దు. పాత స్నేహితులు వచ్చి గదిలో తిష్టవేస్తే కాదనడం ఎలాగో ముందే మాట్లాడుకోండి. తరువాతి మూడు నెలల్లో పక్కింటివారితో, సచివాలయంతో, ఆసుపత్రితో ఆ మనిషే స్వయంగా వ్యవహరించేలా వెనక్కి తగ్గుతూ, ఆపైన మూడు నెలల్లో నెలకొకసారి చూస్తే సరిపోతుంది. అమెరికాలో షెల్టర్ల నుంచి బయటికొచ్చే వారికోసం రూపొందించిన తొమ్మిది నెలల పద్ధతి కూడా ఇలాగే మూడు భాగాలుగా ఉంటుంది. అయితే తీవ్రమైన మానసిక వ్యాధి, వృద్ధాప్యం ఉన్నవారి దగ్గర ఈ గడువు పనిచేయదు. వారికి తోడు ఎన్నేళ్లయినా కొనసాగవలసిందే.

మద్యం అలవాటు ఉన్నవారు మళ్లీ తాగితే గది తీసేసుకుంటామని బెదిరించవద్దు, 14446కి ఫోన్ చేసి వ్యసన విముక్తికి దారి అడగండి. అద్దె ఒక నెల తప్పితే యజమాని నోట వినేలోగా మీరే వెళ్లి మాట్లాడండి.

సొంత ఇంటి ఆశ కూడా వదలనక్కర్లేదు. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేనివారు, ఏడాది రాబడి 3 లక్షలకు లోపు ఉన్నవారు ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం కింద సచివాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు. ఇల్లు ఊరి చివర వస్తే పని పోకుండా ఎలా వెళ్లిరావాలో ఒప్పుకునే ముందే ఆలోచించాలి.

చివరగా, ఎవరూ ఎత్తడానికి ఇష్టపడని మాట ఒకటుంది. వయసు మళ్లిన వారికి ఇల్లివ్వడానికి యజమానులు వెనకాడేది ఎక్కువగా అద్దె గురించి కాదు, ఆ ఇంట్లో చావు జరుగుతుందేమోనన్న భయం వల్ల. మేము ఆ మాట ముందే ఎత్తుతాం. ఒంట్లో బాగోలేకపోతే ఎవరు ఆసుపత్రికి తీసుకువెళతారు, జరగరానిది జరిగితే ఎవరు వస్తారు, అంత్యక్రియలు ఎవరు చేస్తారు అన్నది ఆ పెద్దాయన ఇష్టం కనుక్కుని ఒక కాగితం మీద రాసి, దాని నకలు యజమానికి ఇస్తాం. ఊళ్లో ఎక్కడో అన్నదమ్ములుంటే వారి ఫోను నంబరు, కావాలనుకుంటేనే, ఆ కాగితం కింద రాయిస్తాం. ఒక పెద్దాయన ఆ నంబరు రాయించడానికి ఏడు నెలలు తీసుకున్నారు.